కోర్టు మెట్లెక్కే ముందు

పాఠకుల సందేహాలకు నల్లగొండ న్యాయవాది జవాబులు

ఇరవై రెండేళ్లుగా నల్లగొండ కోర్టులో కుటుంబ కేసులు చూస్తున్నాను. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది కుర్చీలో కూర్చోకముందే "విడాకులు ఇప్పించండి మేడమ్" అంటారు. మంచినీళ్లిచ్చి ఓ అరగంట మాట్లాడిస్తే, వాళ్లకు కావలసింది విడాకులు కాదని తేలుతుంది. ఒకామెకు దెబ్బలు ఆగాలి. ఇంకొకామెకు పిల్లల ఫీజు కట్టాలి. మరొకామెకు భర్త కల్లు మానాలి, అంతే. వీటన్నిటికీ చట్టంలో వేరువేరు దారులున్నాయి. ఏ దారి ఎక్కడికి పోతుందో తెలియక, అందరూ ఒకటే తలుపు కొడుతున్నారు. ఈ నెల ఉత్తరాలు చదువుతుంటే మళ్లీ అదే అనిపించింది.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది మిర్యాలగూడ. మా ఆయన రైస్ మిల్లులో హమాలీ. మా బాబుకు 19 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. మూడు నెలలుగా వాడి కళ్లు ఎర్రగా ఉంటున్నాయి, అన్నం దగ్గర కూర్చుంటే లేవడు, లేకపోతే రెండు రోజులు ముద్ద ముట్టడు. కాలేజీ బ్యాగు ఉతుకుదామని తీస్తే పక్క జేబులో న్యూస్ పేపర్లో చుట్టిన గంజాయి పొట్లం, సిగరెట్ చుట్టుకునే కాగితాలు దొరికాయి. పొయ్యిలో వేసి కాల్చేశాను. పోయిన వారం వాడి దోస్తులిద్దరినీ పోలీసులు పిలిపించి మూత్రం పరీక్ష చేశారట. మా మరిది "యాభై వేలిస్తే వీడి పేరు రాకుండా చూసేవాళ్లున్నరు" అంటున్నాడు. మా తమ్ముడేమో హైదరాబాద్ పక్కన ఒక సెంటర్ ఉందట, ఫోన్ చేస్తే రాత్రిపూట బండిలో వచ్చి పట్టుకుపోతారట అంటున్నాడు. మా ఆయన కట్టె పట్టుకుని వాడి మీదికి పోతున్నాడు. నేను ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు కట్టె పక్కన పెట్టించు. దెబ్బలకు గంజాయి మానిన పిల్లవాణ్ని ఇన్నేళ్లలో నేను ఒక్కణ్ని కూడా చూడలేదు. దెబ్బలకు ఇల్లు విడిచిపోయి, అమ్మేవాడి చేతిలో పడినవాళ్లను మాత్రం చూశాను.

ఇక చట్టం మాట. మత్తుమందుల చట్టం 1985లో వచ్చింది. అందరూ ఎన్‌డీపీఎస్ అంటారు. గంజాయి తాగడమే ఆ చట్టం కింద నేరం. దానికి 27వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. దగ్గర ఉంచుకుంటే శిక్ష బరువును బట్టి మారుతుంది. ఒక కిలో లోపు ఉంటే ఏడాది దాకా జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. కిలో దాటితే పదేళ్ల దాకా పోవచ్చు. 20 కిలోలు దాటితే తక్కువలో తక్కువ పదేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఇరవై ఏళ్లు, పైగా లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. ఆ కేసుల్లో బెయిల్ దొరకడం చాలా కష్టం. మీవాడి బ్యాగులో దొరికింది చిన్న పొట్లం. కాబట్టి ఈ రోజుకు మీ పరిస్థితి చేయి దాటలేదు.

కానీ వాడితో ఒక మాట గట్టిగా చెప్పాలి, అది మీరే చెప్పాలి. ఎవరైనా దోస్తు "ఈ సంచి నార్కట్‌పల్లి దాకా తీసుకుపో, పెట్రోలుకు పైసలిస్తా" అంటే ముట్టుకోవద్దని. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు నుంచి హైదరాబాద్ వైపు పోయే సరుకు మన జిల్లా రోడ్ల మీదుగా కూడా పోతుంది. చెక్‌పోస్టు దగ్గర దొరికేది సంచి మోసినవాడే, సంచి యజమాని కాదు. నా దగ్గరికి వచ్చిన కేసుల్లో అలా రెండు వేల రూపాయల కోసం సంచి పట్టుకున్న ఇరవై ఏళ్ల పిల్లలున్నారు. వాళ్ల అమ్మలు వాయిదా రోజు కోర్టు వరండాలో టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంటారు. పోలీసులు పిల్లవాణ్ని వ్యాన్‌లోంచి దించి లోపలికి నడిపిస్తుంటే, ఆ డబ్బా ఎవరి చేతికివ్వాలో తెలియక దానిమీది మూత తీసి మళ్లీ పెడుతుంటారు. నిన్ను అక్కడ చూడాలని నాకు లేదు.

ఇంట్లో దొరికింది కాల్చేశావు, అయిపోయింది. ఇకముందు ఏదైనా దొరికితే బీరువాలో దాచి పెట్టకు. ఇంట్లో దొరికిన సరుకుకు ఇంటివాళ్లు కూడా జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

చాలామందికి తెలియని సెక్షన్ ఒకటి ఇదే చట్టంలో ఉంది. 64ఏ. మత్తుకు అలవాటుపడిన మనిషి, తాగిన కేసులోగానీ చిన్న పరిమాణం దొరికిన కేసులోగానీ ఇరుక్కున్నప్పుడు, తనంతట తాను ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రికి పోయి చికిత్స తీసుకుంటే అతని మీద ప్రాసిక్యూషన్ ఉండదు. మధ్యలో చికిత్స వదిలేస్తే ఆ రక్షణ తీసేయవచ్చు. ఇందులో "తనంతట తాను" అన్నదే ముఖ్యం. అందుకే ఆలస్యం చెయ్యకుండా రేపే నల్లగొండ ప్రభుత్వ పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకుపో. ఓపీ చీటీ, మందుల చీటీ, డాక్టరు రాసే ప్రతి కాగితం తారీఖు వరుసలో ఒక ఫైల్‌లో పెట్టు. రేపు దోస్తులు వీడి పేరు చెప్పి పోలీసులు పిలిచినా, ఆ ఫైల్ నీ కొడుకు తరఫున మాట్లాడుతుంది. ఇంట్లోంచే మాట్లాడాలంటే 14446 నంబరుంది, అది మత్తు మానేవాళ్ల కోసం నడిచే జాతీయ హెల్ప్‌లైన్.

మీ మరిది చెప్పిన యాభై వేలు ఇవ్వకు. పేరు తీయించినట్టు చెప్పి నెల తర్వాత మళ్లీ వస్తారు. ఆ డబ్బు పిల్లవాడి వైద్యానికి ఉంచు.

మీ తమ్ముడు చెప్పిన సెంటర్ సంగతి. దీని గురించి నాకు కొంచెం కోపం ఉంది, దాచుకోను. కొన్నేళ్ల కింద ఒక కుటుంబం ఇలాగే రాత్రిపూట బండి పిలిపించి కొడుకును పంపింది. నలభై రోజుల తర్వాత ఆ పిల్లవాడు నా ఆఫీసుకు వచ్చి ప్యాంటు అంచు కొంచెం పైకి లాగి చూపించాడు. చీలమండ చుట్టూ గొలుసు ఒరుసుకుని పుండు పడి మానిన మచ్చ. వాళ్లమ్మ ఆ మచ్చను చూడలేక గోడవైపు తిరిగింది. ఆ అబ్బాయి మళ్లీ తాగాడు, ఇంట్లోవాళ్లతో మాట్లాడటం మాత్రం మానేశాడు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే సమస్య కూడా మానసిక అనారోగ్యం కిందికే వస్తుంది. గొలుసుతో కట్టడాన్ని ఆ చట్టం ఏ రూపంలోనూ ఒప్పుకోదు. ఇష్టం లేకపోయినా చేర్చుకోవాల్సిన పరిస్థితి వస్తే దానికి పద్ధతి ఉంది: రిజిస్టరైన ఆసుపత్రి, డాక్టర్ల పరీక్ష, మొదట 30 రోజులకు మించని గడువు. ఏ సెంటర్‌కు పోయినా ముందు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమని అడుగు. చూపించకపోతే వెనక్కి వచ్చెయ్యి.

పోలీసులకు చెప్పాలా అన్న సందేహం నీకు రావచ్చు. కొడుకును పట్టివ్వాల్సిన పని లేదు. కానీ అమ్మేవాడెవడో తెలిస్తే 1908కి ఫోన్ చేసి చెప్పు. అది తెలంగాణలో మత్తుమందుల మీద సమాచారం ఇచ్చే నంబరు. ఈ వీధిలో నీ కొడుకు ఒక్కడే లేడు.

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. పెళ్లయి పదకొండేళ్లు, ఇద్దరు ఆడపిల్లలు. నా భర్త పొద్దున లేస్తే కల్లు కాంపౌండ్‌కే పోతాడు. తాగనప్పుడు మంచిగనే ఉంటడు, తాగి వస్తే కొడతాడు. ఇల్లు మా అత్త పేరు మీద ఉంది. "నా ఇల్లు, నువ్వు పో" అంటుంది. మా అమ్మగారింటికి పోతే మళ్లీ రానియ్యరని భయం. నాకు విడాకులు వద్దు మేడమ్. పిల్లలకు తండ్రి కావాలి. కొట్టకుండా ఉంటే చాలు. కేసు పెడితే కాపురం పోతుందా?

జవాబు: చెల్లీ, నువ్వు అడిగిన దానికే ఒక చట్టం ఉంది. 2005 గృహహింస చట్టం. దీనికి విడాకులతో సంబంధం లేదు. ఈ చట్టం కింద మేజిస్ట్రేటు దగ్గర అర్జీ పెట్టుకుంటే, కొట్టొద్దని రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చు, ఇంట్లోంచి వెళ్లగొట్టొద్దని ఉత్తర్వు ఇవ్వవచ్చు, ఖర్చులకు డబ్బు ఇవ్వమనవచ్చు, ఇద్దరినీ కౌన్సెలింగ్‌కు పంపవచ్చు. కోర్టు అవసరం అనుకుంటే తుది తీర్పు కంటే ముందే మధ్యంతర ఉత్తర్వు ఇస్తుంది. కొట్టొద్దన్న రక్షణ ఉత్తర్వును మీరితే అప్పుడు నేరం: ఏడాది దాకా జైలు, లేదా ఇరవై వేల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇల్లు అత్త పేరు మీద ఉన్నంత మాత్రాన నిన్ను బజారులో నిలబెట్టలేరు. నువ్వు కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు నీకుంది, ఆ ఇల్లు నీ పేరు మీదగానీ నీ భర్త పేరు మీదగానీ లేకపోయినా సరే. 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టం చేసింది. అత్తమామల పేరు మీది ఇల్లు కూడా ఉమ్మడిగా కాపురం చేసిన ఇల్లే కావచ్చని. అయితే అది ఇంటి మీద యాజమాన్యం కాదు. ఇల్లు పంచి ఇమ్మని కాదు, చట్టప్రకారం కాకుండా వెళ్లగొట్టకూడదని. ఈ తేడా గుర్తుంచుకో, ఎందుకంటే ఊళ్లో పెద్దమనుషులు "కోడలు ఇల్లు రాయించుకోవడానికి కేసు పెట్టింది" అని ప్రచారం చేస్తారు.

వకీలుకు డబ్బు లేదని ఆగిపోకు. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది, 1987 చట్టం ఇచ్చింది. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు పో, లేదా 15100కు ఫోన్ చెయ్యి. అంతకంటే ముందు, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి పోవచ్చు. ఫోన్‌లోనే మాట్లాడాలంటే మహిళల హెల్ప్‌లైన్ 181.

ఇప్పుడు ఒక చిన్న పని చెప్తాను, ఈ రోజే మొదలుపెట్టు. పదేళ్ల కింద కల్వకుర్తి వైపు నుంచి ఒకామె కేసు చూశాను. పెద్దగా చదువుకోలేదు. కోర్టులో అవతలి వకీలు "ఎప్పుడెప్పుడు కొట్టాడు, తారీఖులు చెప్పు" అని గుచ్చి గుచ్చి అడిగాడు. ఆమె సంచిలోంచి గోడ క్యాలెండర్ తీసింది. అందులో రోజూ పాల లెక్క రాసుకునేది, అర లీటరుకు ఒక గీత. భర్త కొట్టిన రోజు ఆ గీత పక్కన సున్నా చుట్టింది. పండుగ రోజుల్లో సున్నాలు ఎక్కువున్నాయి. కోర్టు హాల్లో ఎవరూ మాట్లాడలేదు. ఆ క్యాలెండర్ ఒక్కదానితోనే కేసు గెలిచిందని చెప్పను, ఆసుపత్రి చీటీలు కూడా ఉన్నాయి. కానీ తారీఖులు చెప్పగలిగింది కాబట్టి ఆమె మాట నిలబడింది. నువ్వూ రాసుకో. దెబ్బ తగిలితే పీహెచ్‌సీకి పోయి చూపించుకో, "మెట్ల మీది నుంచి పడ్డ" అని చెప్పకు. ఫోన్‌లో అతను తిట్టిన రికార్డింగులు ఉంటే తుడిచెయ్యకు. భార్యాభర్తల మధ్య రహస్యంగా చేసిన రికార్డింగును విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. నీది విడాకుల కేసు కాకపోయినా భద్రంగా ఉంచు, పనికొచ్చేదీ రానిదీ వకీలు చూసి చెప్తారు.

మరొకటి, ఇది చట్టం కాదు, ప్రాణం సంగతి. పాలమూరు జిల్లాల్లో కాంపౌండ్లలో అమ్మే కల్లు అంతా చెట్టు కల్లు కాదు. చెట్టెక్కి కల్లు గీసే గౌడన్నలను నేను అనడం లేదు, వాళ్ల బతుకు కూడా ఈ కల్తీతోనే పాడయింది. ఆల్ప్రాజోలం, డైజపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపిన మందు కల్లు గురించి చెప్తున్నాను. ఏళ్ల తరబడి అది తాగిన మనిషిని ఒక్కరోజులో మానిపిస్తే చేతులు వణకడం, లేనివి కనబడటం, పిచ్చిగా అరవడం, ఫిట్స్ రావడం జరుగుతాయి. ప్రాణం మీదికి కూడా రావచ్చు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి ఒక్కసారిగా ఆగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ వైపు జనం ఇలాగే ఆసుపత్రుల్లో చేరారు. అందుకని నీ భర్తను గదిలో పెట్టి తాళం వెయ్యకండి, ఒట్టు వేయించి ఊరుకోకండి. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరుకు "మందు కల్లు తాగుతాడు" అని ఉన్నదున్నట్టు చెప్పి, మందులతో మెల్లమెల్లగా మానిపించాలి. ఇది నీ అర్జీలో కూడా రాయించు: చికిత్సకు పోయేలా కౌన్సెలింగ్ ఇప్పించమని. కొట్టినవాడు రోగి కూడా అయితే రెండు సంగతులూ కోర్టుకు చెప్పాలి. రోగి అని దెబ్బలు భరించాల్సిన పని లేదు.

కేసు పెడితే కాపురం పోతుందా అన్నావు. పోయినవీ ఉన్నాయి, నిలబడినవీ ఉన్నాయి. మాట ఇవ్వలేను.

ప్రశ్న: దేవరకొండ ప్రాంతం. నాకూ నా భార్యకూ పడలేదు. ఊరి పెద్దమనుషుల ముందు వంద రూపాయల బాండ్ పేపర్ మీద విడిపోతున్నట్టు రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం. రెండు లక్షలు ఇచ్చాను. ఇప్పుడు ఇంట్లో మరో సంబంధం చూస్తున్నారు. చేసుకోవచ్చా?

జవాబు: ఆగు తమ్ముడూ. ఆ కాగితం విడాకులు కాదు. హిందూ వివాహ చట్టం వర్తించేవాళ్లకు విడాకులు ఇచ్చేది కోర్టే. ఆచారం ప్రకారం విడాకులు చెల్లే కులాలు కొన్ని ఉన్నాయి, కానీ అలాంటి ఆచారం పాతకాలం నుంచి ఉందని కోర్టులో నిరూపించాలి. అది చెప్పినంత సులువు కాదు. నువ్వు ఏ కులమో, తండా వాడివో కాదో రాయలేదు. షెడ్యూల్డ్ తెగలకు ఈ చట్టం మామూలుగా వర్తించదు, వాళ్లకు వాళ్ల ఆచారమే చూస్తారు. నువ్వు లంబాడా అయితే ఈ జవాబుతో సరిపెట్టుకోకుండా ఎవరైనా వకీలును నేరుగా కలువు.

తక్కినవాళ్లయితే, మొదటి పెళ్లి ఉండగా రెండో పెళ్లి చేసుకుంటే ఏడేళ్ల దాకా జైలు. ఆ పిల్ల బతుకు కూడా చెడుతుంది, ఆ పెళ్లి చెల్లదు కాబట్టి. ఇద్దరికీ ఇష్టమే ఉంది కదా, పరస్పర అంగీకారంతో విడాకులకు వెయ్యండి, 13బి అంటారు. ఏడాది పాటు వేరుగా ఉండాలి. మొదటి అర్జీ తర్వాత మామూలుగా ఆరు నెలలు ఆగాలి. కలిసే ఆశ ఏమీ లేదని, డబ్బు, పిల్లల సంగతి తేలిపోయాయని కోర్టుకు నమ్మకం కలిగితే ఆ ఆరు నెలలు తీసెయ్యవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ బాండ్ పేపర్ పారెయ్యకు. ఎప్పటి నుంచి వేరుగా ఉంటున్నారో, ఎంత ఇచ్చావో దానిలోనే ఉంది.

ప్రశ్న: మక్తల్ దగ్గర మాది. నా భర్త మూడేళ్లుగా పుణెలో పని. మొదట్లో నెలకు ఐదారు వేలు పంపేవాడు. ఏడాదిగా ఏమీ లేదు, ఫోన్ తీయడు. అక్కడ ఇంకొకామెతో ఉంటున్నాడని గుంపు మేస్త్రి చెప్పాడు. పుణెకు పోయి కేసు పెట్టేంత శక్తి నాకు లేదు. పత్తి ఏరడానికి పోతున్నాను కాబట్టి నాకు మనోవర్తి రాదని కొందరంటున్నారు.

జవాబు: నువ్వు పుణెకు పోనక్కర్లేదు అక్కా. నువ్వు ఎక్కడ ఉంటే అక్కడి కోర్టులోనే వేసుకోవచ్చు. మనోవర్తి కేసును పాత సీఆర్‌పీసీలో, అంటే క్రిమినల్ విధాన చట్టంలో, 125వ సెక్షన్ అనేవాళ్లు. 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో అది 144. పత్తి ఏరిన కూలీతో నీ కడుపు, పిల్లల కడుపు నిండుతున్నంత మాత్రాన నీ హక్కు పోదు. నిన్ను నువ్వు పోషించుకునేంత ఆదాయం నీకుందా లేదా అన్నదే ప్రశ్న. మధ్యంతర మనోవర్తి అర్జీని నోటీసు అందిన నాటి నుంచి 60 రోజుల్లో తేల్చాలని చట్టం చెప్తుంది. నిజం చెప్పాలంటే, పుణెలో నోటీసు అందించడమే నెలలు పడుతుంది. అందుకే అతని అడ్రసు ముఖ్యం.

ఇక్కడ గుంపు మేస్త్రి నీకు పెద్ద దిక్కు. అడ్వాన్సు ఎంత ఇచ్చాడు, రోజుకు ఎంత కూలీ, ఏ సైట్‌లో పని, లెక్క పుస్తకంలో అన్నీ ఉంటాయి. ఆ పేజీ ఫోటో తీసుకో. నీ బ్యాంకు పాస్‌బుక్‌లో అతను డబ్బు పంపిన రోజుల ఎంట్రీలు వేయించుకో. సంపాదన దాచిపెడితే ఇవే బయటపెడతాయి. 2020 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, ఆదాయం అఫిడవిట్ వెయ్యాలి, మనోవర్తి అర్జీ వేసిన తేదీ నుంచి లెక్కకట్టాలి. కాబట్టి ఎన్ని రోజులు ఆగితే అన్ని రోజులు నష్టం నీకే. కట్టకపోతే వారెంటు, జైలు ఉన్నాయి, కానీ బకాయి కోసం ఏడాది లోపల అడగాలి.

ప్రశ్న: నారాయణపేట నుంచి. నేను ముస్లింను. తలాక్ అయిపోయింది, ఆ తర్వాత ఆగాల్సిన ఇద్దత్ గడువు కూడా గడిచింది. ఇక నీకేం రాదు అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు బేటీ. 2024 జులై 10న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే వచ్చింది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా 125 కింద, అంటే ఇప్పటి 144 కింద, మనోవర్తి అడగవచ్చని. మహర్ (పెళ్లిలో భర్త ఇస్తానన్న సొమ్ము), నీ సామాను, నగలు అవి వేరే లెక్క, అవీ నీవే. ఒకే ఊపులో మూడుసార్లు తలాక్ చెప్పి ఉంటే అది 2019 చట్టం ప్రకారం చెల్లదు, పైగా నేరం. ఎలా చెప్పాడో నీకు గుర్తున్నట్టుగా రాసి పెట్టుకో.

ప్రశ్న: జడ్చర్ల. నా భార్య నాలుగేళ్ల పాపను తీసుకుని పుట్టింటికి పోయింది. నేను తాగుతానని అంటుంది. తాగేవాణ్ని, ఆరు నెలలుగా మానేశాను. పాపను చూడనివ్వడం లేదు.

జవాబు: మానేసినందుకు సంతోషం తమ్ముడూ, ఇది మనస్ఫూర్తిగా అంటున్నాను. ఐదేళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని చట్టం. కాబట్టి పాపను నీ దగ్గరికి ఇప్పించమని ఇప్పుడు పోట్లాడకు. వారానికో, పదిహేను రోజులకో చూసే హక్కు అడుగు. అది తండ్రికి మామూలుగా దొరుకుతుంది. మానేశానన్న మాట కోర్టుకు చాలదు. ఆసుపత్రి చీటీలు, కౌన్సెలింగ్ హాజరు కాగితాలు పెట్టు. చూడటానికి పోయిన రోజు అత్తగారింటి ముందు గొడవ పడకు, పాప గుమ్మంలోంచి చూస్తూ ఉంటుంది. నెలనెలా పాప ఖర్చుకు ఎంతో కొంత బ్యాంకు ద్వారా పంపు, ఆమె అడగకపోయినా.

ప్రశ్న: నేను హాలియా దగ్గర పల్లె నుంచి మా నాయనమ్మ చెప్తుంటే రాస్తున్నాను. ఆమెకు 71 ఏళ్లు. తాత పోయాక 2017లో రెండెకరాలు మా బాబాయికి గిఫ్ట్ డీడ్ చేసింది, అవసాన దశలో చూసుకుంటాడని. ఆయన గంజాయికి, మందుకు అలవాటుపడ్డాడు. ఆసరా పింఛను గుంజుకుంటాడు. పోయిన నెల చెయ్యి విరిచాడు. మా నాయనమ్మ "కొడుకు మీద కేసేంది" అంటుంది. కానీ రాత్రి నిద్రపోదు.

జవాబు: పెద్దమ్మా, ముందు నీకే చెప్తాను, మనవరాలు చదివి వినిపిస్తుంది. ఇది కొడుకును జైలుకు పంపే కేసు కాదు. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం వచ్చింది. మీ డివిజన్ ఆర్డీవో గారి దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. తెల్ల కాగితం మీద అర్జీ ఇస్తే చాలు, వకీలు అక్కర్లేదు. నెలకు పది వేల దాకా పోషణ ఖర్చు ఇప్పించగలరు. నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి. పింఛను గుంజుకోకుండా, కొట్టకుండా వేరే రక్షణ కావాలంటే, నువ్వు కూడా గృహహింస చట్టం కింద అడగవచ్చు. అది కోడళ్లకే కాదు, కొడుకు కొట్టే తల్లికి కూడా పనికొస్తుంది. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

బిడ్డా, ఇక భూమి సంగతి నీకు చెప్తాను. వృద్ధుల పోషణ చట్టంలోనే 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటాననే షరతు మీద ఆస్తి రాయించుకుని చూసుకోకపోతే ఆ గిఫ్ట్‌ను ట్రిబ్యునల్ రద్దు చెయ్యగలదు. ఇక్కడ షరతు అన్న మాట ముఖ్యం. దస్తావేజులో "దాతను జీవితాంతం పోషించవలెను" అని ఒక్క వాక్యం ఉంటే కేసు చాలా గట్టిగా ఉంటుంది. ఈ చట్టం వృద్ధుల మేలు కోసమే కాబట్టి దాన్ని ఉదారంగా అర్థం చేసుకోవాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు అన్నది. ఆ కేసులో షరతు వేరే కాగితం మీద కూడా రాసి ఉంది. మన దగ్గర చాలా గిఫ్ట్ డీడ్‌లలో "ప్రేమాభిమానములతో" అని రాసి ఆపేస్తారు, డాక్యుమెంట్ రైటర్ అడగడు, ముసలమ్మ చెప్పదు. అప్పుడు కష్టం.

చెయ్యి విరిగిన రోజు ఎక్స్‌రే, ఆసుపత్రి చీటీ జాగ్రత్తగా పెట్టు. 2017 నాటిది కాబట్టి దస్తావేజు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంటుంది, సర్టిఫైడ్ కాపీ తీసుకో. మీ బాబాయికి చెప్పనవసరం లేదు. ఆ కాపీలో రెండో పేజీ, మూడో పేజీ మీ నాయనమ్మకు ఒక్కో లైను చదివి వినిపించు. అప్పుడు వేలిముద్ర వేస్తున్నప్పుడు తనకు ఏం చెప్పారో ఆమెకు గుర్తొస్తే, అదే రోజు రాసి నాకు పంపు.